మెటోప్రొలాల్ వేసుకునేవాళ్లకు షుగర్ కూడా ఉంటే: నా అనుభవం

తమ్ముడూ, మీ నాయనకు షుగర్ మాత్రలు వాడుతుండగా బీపీకని మెటోప్రొలాల్ 25 కూడా రాశారు, అది గుండెజబ్బు మందా, ఏం జాగ్రత్త పడాల అని అడిగినావు కదా. నేను డాక్టర్‌ను కాను. ఈడ అనంతపురంలో నాలుగేళ్లుగా అదే మాత్ర మింగుతున్నా, అంతే.

మాత్ర పేరు చూసి గుండెజబ్బని బెదరొద్దు. అడ్రినలిన్ (కంగారు పడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్) గుండెను పరిగెత్తించకుండా పగ్గం వేసే బీటా బ్లాకర్ జాతి మందు ఇది. బీపీకి, గుండెదడకు, ఆంజైనాకు (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి), గుండెపోటు వచ్చినాక కూడా రాస్తారు. ఇదే జాతిదైన ప్రొప్రనలాల్‌ను మా మరదలికి మైగ్రేన్ రాకుండా ఇచ్చినారు. తలనొప్పికి గుండె మాత్రేంది అని ఆ పిల్ల వారం రోజులు ముట్టలేదు!

ఇంక అసలు సంగతి. పోయిన మేలో కదిరి నుంచి బస్సులో వస్తున్నా. పొద్దున్నే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకున్నా. ఉగ్గాని, బజ్జీ ఇంటికి పోయి తిందాంలే అని బస్సెక్కేసినా. ముదిగుబ్బ దాటేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మే నెలలో మన దిక్కు చెమట పడితే ఎవరు అనుమానపడతారు? కానీ ఎండ చెమటైతే కిటికీ గాలికి ఆరిపోతుంది. ఇది చల్లగా, జిడ్డుగా ఉండింది. ఇంతకుముందు షుగర్ పడిపోతే చేతులు వణికేవి, గుండె దడదడ కొట్టుకునేది. ఆ రోజు రెండూ లేవు. నా మాట తడబడుతోందని పక్క సీటు పెద్దాయనే కనిపెట్టి, బత్తలపల్లిలో బస్సు ఆగంగానే చెరుకురసం తాగించినాడు.

తర్వాత డాక్టర్ చెప్పినాడు: మెటోప్రొలాల్ వణుకును, దడను కప్పేయగలదు, చెమటను మాత్రం కప్పలేదు. కాబట్టి మీ నాయనకు ఊరికే చెమట పడితే వెంటనే షుగర్ చూడండి. మిషన్ దగ్గర లేకుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి.

బీపీ 120/80 వచ్చింది కదా అని సొంతంగా ఆపొద్దు. ఆ అంకె మాత్ర వల్లే వచ్చింది. ఉన్నట్టుండి మానేస్తే నాడి, బీపీ ఎగదన్నుతాయి, గుండెజబ్బు ఉన్నవాళ్లకు నొప్పో పోటో రావచ్చు. ఆపాలంటే డాక్టరే డోసు మెల్లమెల్లగా దించాల. స్ట్రిప్‌లో ఐదు మాత్రలుండగానే నేను కొత్తది తెచ్చుకుంటా. ఒకపూట మరిచిపోతే మరుసటి పూట రెండు మింగను.

పేరు వెనక ఎక్స్ఎల్ (మందును మెల్లగా వదిలే రకం) అని ఉంటే నమలకూడదు, పొడి చేయకూడదు, అన్నం తిన్న వెంటనే వేసుకోవాల. పడుకున్నోళ్లు దిగ్గున లేస్తే కళ్లు తిరుగుతాయి. నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, స్పృహ తప్పినట్టున్నా ఫోన్ చేయమని నాకు చెప్పినారు.

ఉబ్బసం ఉందా మీ నాయనకు? నువ్వు రాయలేదు. ఉంటే మాత్రం డాక్టర్‌కు ముందే చెప్పాల, ఊపిరి పట్టేసే ప్రమాదముంది. పోయేటప్పుడు మాత్రలతో పాటు కంటి చుక్కల సీసా ఉంటే అదీ పట్టుకుపో. గ్లకోమాకు (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) వేసే టిమోలాల్ చుక్కలు కూడా ఈ జాతివే.