పట్టాయాలో పోయిన మనిషి గురించి మా గ్రూపులో ఏం మాట్లాడుకున్నారంటే

ప్రశ్న: విదేశానికి టూర్‌కి వెళ్లిన మనిషి అక్కడ కారణం తెలియకుండా చనిపోతే, ఆ దేశంలో ఎప్పటినుంచో ఉంటున్న బయటి దేశాలవాళ్లు ఎలా స్పందిస్తారు?

నేను 2009 నుంచి థాయ్‌లాండ్‌లో ఉంటున్నాను. మొదట చియాంగ్ మాయ్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేవాడిని, తర్వాత బ్యాంకాక్ వచ్చేశాను. నేను చూసినంతలో జవాబు ఒక్కటే. పోయినవాడు ఏం తప్పు చేశాడో వెతుకుతారు. అది దొరికేదాకా మనసు కుదుటపడదు. దొరికిందంటే ఇక ఆ విషయం మర్చిపోతారు. తెల్లవాళ్లయినా మనవాళ్లయినా ఇందులో తేడా ఏమీ లేదు.

ఈ మాట నాకు మొదట తెలిసింది 2011 ఫిబ్రవరిలో. చియాంగ్ మాయ్ నైట్ బజార్ దగ్గర ఒక హోటల్లో దిగిన న్యూజిలాండ్ అమ్మాయి చనిపోయింది. 23 ఏళ్లు. ఆమెతో ఉన్న స్నేహితురాళ్లకు కూడా జబ్బు చేసింది. మా ఇంటి దగ్గర కాఫీ షాపులో రిటైరైన ఇంగ్లీషువాళ్లు నలుగురైదుగురు రోజూ పొద్దున కూర్చునేవారు, నేనూ వెళ్లేవాడిని. మార్కెట్‌లో సముద్రపు నాచు తిన్నదట, అందుకే అయింది అన్నారు. ఇక్కడ ఏది తినాలో ఏది తినకూడదో మనకు తెలుసు, టూరిస్టులకు తెలియదు కదా అన్నారు. రెండు వారాలు తిరక్కుండానే అదే హోటల్లో బ్రిటన్ నుంచి వచ్చిన ముసలి భార్యాభర్తలు ఇద్దరూ గదిలో చనిపోయి కనిపించారు. నాచు మాట వదిలేసి, వయసైపోయినవాళ్లు కదా, ఎండ తట్టుకోలేకపోయి ఉంటారు అన్నారు. ఒకే గదిలో ఇద్దరికీ ఒకేసారి వయసైపోతుందా అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఆ షాపులో కూర్చునేవాళ్లలో ఇద్దరు ఆ హోటల్ లాంటి గెస్ట్‌హౌస్‌లలోనే నెల అద్దెకు ఉండేవాళ్లు. భయం ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

తర్వాత న్యూజిలాండ్ టీవీవాళ్లు ఆ హోటల్ గదిలోంచి నమూనాలు తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్లు కనిపించాయని చెప్పారు. నల్లుల కోసం కొట్టి ఉంటారన్నారు. మన రైతులకు ఈ మందు పేరు కొత్త కాదు, ఇళ్లలో చెదలకు కూడా వాడతాం. థాయ్ అధికారులు మాత్రం ఫలానా విషమే అని తేల్చలేదు. నా అభిప్రాయం వేరు. మా నాన్న తణుకులో రైస్ మిల్లులో గుమాస్తా. ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా పెట్టే బిళ్ళలు నేను చిన్నప్పటినుంచీ చూశాను. తేమ తగిలితే వాటిలోంచి ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, వాంతులు, ఆయాసం, గుండె దెబ్బతినడం. ఒక గదిలో పెడితే గోడ పగుళ్లలోంచి పక్క గదికీ పోతుంది. బిళ్ళలు పెట్టిన రోజు గోదాము గోడకు ఆనుకుని పడుకోవద్దని నాన్న హమాలీలను తరిమేవాడు. పడకగదులున్న చోట ఇలాంటివి ఎవరైనా వాడతారా? 2012లో ఫీ ఫీ దీవిలో కెనడా అక్కాచెల్లెళ్లిద్దరు ఒకే గదిలో పోయినప్పుడు కూడా నాకు మొదట ఆ బిళ్ళలే గుర్తొచ్చాయి. అందరూ మాత్రం వాళ్లు ముందు రాత్రి ఏం తాగారన్న దాని గురించే మాట్లాడారు.

ఒక్క విషయంలో మాత్రం ఇక్కడి విదేశీయులను నేను తప్పు పట్టను. బహిరంగంగా నోరు విప్పడానికి భయపడతారు. థాయ్‌లాండ్‌లో పరువు నష్టం క్రిమినల్ నేరం, దానికి తోడు కంప్యూటర్ నేరాల చట్టం. 2018లో కో తావ్ దీవి మీద వచ్చిన ఒక ఆరోపణను ఫేస్‌బుక్‌లో షేర్ చేసినవాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. వీసా ప్రతి ఏడాదీ పొడిగించుకుంటూ బతికేవాడు ఫలానా హోటల్లో ఏదో జరిగింది అని ఎలా రాస్తాడు? రాయలేడు. కానీ పోయినవాడి గురించి ఏది రాసినా ఎవరూ కేసు పెట్టరు. మాటలన్నీ అటే పోవడానికి అదో కారణం.

ఇక మనవాళ్ల సంగతి. 2019 జనవరి. వరంగల్ వైపు నుంచి సిమెంట్ డీలర్లు నలభై మందికి పైగా టూర్‌కి వచ్చారు. టార్గెట్ కొట్టిన డీలర్లను కంపెనీలు బ్యాంకాక్, పట్టాయా తిప్పడం మన దగ్గర మామూలే. వాళ్లలో 52 ఏళ్ల మనిషి రెండో రోజు టిఫిన్‌కి కిందికి దిగలేదు. అదే గదిలో ఉన్న ఇంకో డీలరు, నిద్రపోతున్నాడులే అనుకుని తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. పదిన్నరకి బస్సు ఎక్కే ముందు వెళ్లి లేపబోతే ఒళ్లు చల్లగా ఉంది.

పదకొండు దాటగానే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. దండం బొమ్మలు వరసగా పడ్డాయి. పది నిమిషాల తర్వాత ఒకాయన "పట్టాయా కదా" అని రాశాడు. అంతే, ఆ రెండు మాటలతో కట్ట తెగింది. ఎంత తాగాడో అని ఒకరు, ఏ మాత్ర వేసుకున్నాడో అని ఇంకొకరు. ఇలాంటివాళ్ల వల్లే ఇక్కడ ఇండియన్లంటే చులకన అయిపోయింది, మన పరువు పోతోంది అని ముగ్గురు నలుగురు. వాళ్లలో ఒక్కరికీ ఆయన పేరు కూడా తెలియదు. తెల్లవాళ్లు కూడా ఇంతే, పట్టాయాలో బాల్కనీల మీదనుంచి పడి చనిపోయేవాళ్లకు వాళ్లొక ఎగతాళి పేరే పెట్టుకున్నారు. కాకపోతే వాళ్ల మాటలు వాళ్ల దగ్గరే ఆగిపోతాయి. మన గ్రూపులో రాసింది సాయంత్రానికి వరంగల్ చేరింది. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపారు. దాన్ని చూసినవాళ్లలో ఆయన పెద్ద కూతురు ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం.

టూర్ గైడుకు తెలుగు రాదు, డీలర్లలో చాలామందికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఎవరో నా నంబరు ఇస్తే ఫోన్ చేశాడు. బ్యాంకాక్‌లో ఎక్కమాయ్ బస్టాండులో బస్సెక్కి రెండున్నర గంటల్లో పట్టాయా వెళ్లాను. అప్పటికి సవాంగ్ బోరిబూన్ సంస్థ వాలంటీర్లు వచ్చి ఉన్నారు. రోడ్డు ప్రమాదమైనా గదిలో చావైనా అక్కడ ముందు వచ్చేది వాళ్లే. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు నా దగ్గరికి వచ్చి, మీ పద్ధతిలో తల ఎటు పెట్టాలి అని అడిగాడు. దక్షిణం అన్నాను. ఫోన్ తీసి దిక్కు చూసుకుని, స్ట్రెచర్ తిప్పి, మళ్లీ నా వైపు చూశాడు సరేనా అన్నట్టు. పొద్దున్నుంచి మా గ్రూపులో వచ్చిన మెసేజ్‌లన్నీ నాకు అప్పుడు గుర్తొచ్చి కళ్లనీళ్లు ఆగలేదు.

పోలీసుల ముందు ఆయన పెట్టె సర్దాను. బీపీ మాత్రల షీటు, అందులో మూడు వాడినవి. రెండు డజన్ల టైగర్ బామ్ సీసాలు, వాటితోపాటు రబ్బరు బ్యాండు పెట్టిన చీటీ. అమ్మకు 4, అని మొదలుపెట్టి వీధిలోవాళ్ల పేర్లన్నీ రాసుకున్నాడు.

కారణం తెలియని చావు కాబట్టి చట్టప్రకారం శవపరీక్ష చేయాలి. శరీరాన్ని బ్యాంకాక్‌లో పోలీస్ జనరల్ హాస్పిటల్‌కు పంపారు. ఆయన భార్యకు పాస్‌పోర్టు లేదు. ఆమె తమ్ముడికి ఉంది, గతంలో దుబాయ్ పోయొచ్చాడు కాబట్టి. మూడో రోజు దిగాడు. దిగీ దిగగానే, "అన్నా, మా అక్కకు ఏం చెప్పాలె?" అన్నాడు. ఆ రెండు రోజుల్లో అతనికి ఇక్కడి మన పెద్దలు చాలామంది ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే సలహా: టెస్టులూ గిస్టులూ అడగొద్దు, బాడీ ఆగిపోతుంది, హార్ట్ ఎటాక్ అని రాయించుకుని తీసుకెళ్లిపో. వాళ్లు మంచికే చెప్పారని నేను అనుకోను. విషయం త్వరగా సర్దుకుపోవాలి, అంతే.

నేను అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి థాయ్‌లో అడిగాను. శవపరీక్ష అయిపోయిందని, రక్తం, కడుపులోని నమూనాలు తీసి ఉంచామని, శరీరాన్ని రేపే తీసుకెళ్లవచ్చని, పూర్తి రిపోర్టుకు మాత్రం వారాలు పడుతుందని ఆయన చెప్పాడు. బాడీ ఆగేదే లేదు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్న పెద్దలకు ఈ ముక్క తెలియదు, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ వెళ్లి అడగలేదు. ఇది చదివేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నమూనాలు తీసేది శరీరం పాడవకుండా మందులెక్కించక ముందే. విమానంలో పంపాలంటే మందులెక్కించక తప్పదు, ఆ తర్వాత ఊళ్లో మళ్లీ పరీక్ష చేయించినా చాలా విషాల జాడ సరిగా దొరకదు. అందుకే అడగాల్సింది అక్కడే, ఆ రోజే.

ఇక ముందుగా ఇచ్చిన కాగితంలో ఏం రాశారంటే, గుండె, శ్వాస పనిచేయడం ఆగిపోయింది అని. ఎవరు పోయినా ఆగేవి అవేగా! ఆ ముక్క పట్టుకుని జిల్లా ఆఫీసులో మరణ ధృవీకరణ పత్రం, దానికి ఇంగ్లీషు అనువాదం, చెంగ్ వత్తనలో విదేశాంగ శాఖ ముద్ర, సుఖుమ్‌విత్ 23వ సోయిలో (సందులో) మన ఎంబసీ, అక్కడ పాస్‌పోర్టు రద్దు, అనుమతి పత్రం, తర్వాత కార్గో. మొత్తం ఆరు రోజులు పట్టింది. గ్రూపులోవాళ్లు పువ్వులకని డబ్బులు పోగుచేసి పంపారు. మాతో తిరగడానికి ఒక్కరు వస్తే అంతకంటే బాగుండేది.

ఈ టూర్లు వేసేవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. అర్ధరాత్రి హైదరాబాద్‌లో విమానం ఎక్కిస్తారు. తెల్లారేసరికి బ్యాంకాక్, అటునుంచి అటే బస్సులో పట్టాయా. గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. సాయంత్రం షో, అర్ధరాత్రి భోజనం, మర్నాడు పొద్దున్నే స్పీడ్ బోటులో దీవికి తీసుకెళ్లి పారాచూట్ ఎక్కిస్తారు. యాభై దాటి బీపీ, షుగర్ ఉన్నవాళ్లు రెండు రాత్రులు నిద్ర లేకుండా ఇవన్నీ చేయాలి. ఇన్సూరెన్స్ చూస్తే అంతకుముందే ఉన్న జబ్బుకు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. డీలరుకు ఏడాదంతా సిమెంట్ అమ్మిన దానికి ఇచ్చే బహుమతి ఇది. కుటుంబానికి చెప్పుకోవడానికి టూర్ కంపెనీ నుంచి ఒక్క మనిషి వరంగల్ వెళ్లలేదు.

ఏడు వారాలకు రిపోర్టు వచ్చింది. కుటుంబం పంపిన అధికార పత్రం చూపించి తీసుకుని, తెలిసిన థాయ్ టీచరుతో లైను లైనుగా చదివించుకున్నాను. గుండె రక్తనాళం ఒకటి దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉంది. విషం లేదు, మాత్రలు లేవు, రక్తంలో ఆల్కహాల్ లేదు.

ఆ రాత్రే ఆయన భార్యకు ఫోన్ చేశాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయిన తాగలేదా అన్నా? మంచిగ చూసి చెప్పు" అంది. లేదమ్మా అన్నాను. ఆయన తాగి ఉన్నా నా లెక్కలో తేడా ఏమీ లేదు, టూర్‌కి వచ్చిన మనిషి రెండు గుక్కలు తాగితే చావుకు అర్హుడైపోడు. కానీ ఆ ఏడు వారాలు ఆమె ఏం విందో ఆమెకే తెలుసు. "పట్టాయాల సచ్చిండు" అనేవాళ్లట, అడిగినవాళ్లందరితో. సొంత అత్తగారే ఒకసారి అందట, ఏం చేసి పోయిండో నా కొడుకు అని.

"గదంత తెలుగుల రాసి పంపు అన్నా, మా అత్తమ్మకు సదివి వినిపిస్త" అంది. తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసి ఫోటో తీసి పంపాను. అదే ఫోటో మా గ్రూపులో కూడా పెట్టాను. జనవరిలో అంతమంది రాశారు కదా, ఈసారి వచ్చినవి మూడు దండాలు. తప్పుగా అన్నాం అని ఒక్కరూ అనలేదు. అప్పటికి పండగ భోజనాలకు ఎవరు ఏం వండుకురావాలన్న చర్చ నడుస్తోంది.

టైగర్ బామ్ సీసాలు అప్పటిదాకా ఆమె ఎవరికీ ఇవ్వలేదట, పెట్టెలోనే ఉంచేసింది. ఆ కాగితం అత్తగారికి చదివి వినిపించిన మర్నాడు, చీటీ పట్టుకుని అందులో ఉన్న ప్రతి ఇంటికీ తనే వెళ్లి ఇచ్చి వచ్చానని కొన్నాళ్లకు ఫోన్ చేసి చెప్పింది.