డ్రమ్స్ కర్రల మీద ఆసక్తి ఏ చదువుకు దారి?

ప్రశ్న: మేము బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) సైన్స్, డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. వాయించడం కన్నా హికరీ, మేపుల్, ఓక్ కలపలతో చేసిన డ్రమ్స్ కర్రలను తూకం వేస్తూ, పోల్చి రాసుకుంటూ గడిపేదే ఎక్కువ. ఇంజనీరింగ్ వద్దంటున్నాడు. ఈ పిచ్చికి భవిష్యత్తు ఉందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, దీన్ని పిచ్చి అనకండి. మీ ఉత్తరంలో నాకు డ్రమ్మర్ కన్నా కలపను పరీక్షించే పిల్లవాడే ఎక్కువగా కనిపించాడు. తయారీదారులు కూడా కర్రలను తూచి, తట్టి ధ్వని చూసి జతలు కడతారు. మీవాడు ఇంట్లో చేస్తున్నది అదే పని.

అతను వెతుకుతున్న తేడా చిన్నది కాదు. ఉక్కు గుండును కలపలోకి సగం దిగేదాకా నొక్కి కాఠిన్యం కొలిచే జాంకా పరీక్షలో హికరీ 1820 పౌండ్ల బలానికి లొంగుతుంది, హార్డ్ మేపుల్ 1450కే లొంగుతుంది. అయినా హికరీని కోరుకునేది గట్టిదనం కోసమే కాదు, దెబ్బ అదురును ఓర్చుకునే గుణం కోసం. సుత్తి పిడులకు దాన్ని వాడేదీ అందుకే. మేపుల్ తేలిక, వేగానికి బాగుంటుంది కానీ డ్రమ్ అంచు మీద కొడితే త్వరగా పేళ్లు లేస్తుంది. ఓక్ బరువు, మన్నిక ఎక్కువ. మణికట్టుకు అదురు ఎక్కువ తెలుస్తుంది. నేర్చుకునే దశలో హికరీ 5ఏ (మధ్యస్థ మందపు సైజు) చాలు. కొనే ముందు బల్ల మీద దొర్లించి వంకర లేదని చూసుకోమనండి.

ఈ ప్రశ్నలకు ఒక శాస్త్రమే ఉంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ డీమ్డ్ విశ్వవిద్యాలయంలో కలప శాస్త్రం, సాంకేతికతలో రెండేళ్ల ఎమ్మెస్సీ చదవవచ్చు. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల్లో కనీసం ఒకటి ఉన్న బీఎస్సీ గానీ, ఫారెస్ట్రీ డిగ్రీ గానీ ఉండాలి. ప్రవేశ పరీక్ష ఉంటుంది. మీవాడు బయాలజీ కూడా చదువుతుంటే కర్ణాటకలోనే ఉన్న సిర్సి, పొన్నంపేట ఫారెస్ట్రీ కళాశాలలనూ చూడండి.

ఉద్యోగాల విషయంలో ఆశలు పెంచను. వాద్యాల తయారీలో అవకాశాలు కొద్దే. ప్లైవుడ్, ఫర్నిచర్ పరిశ్రమలు, కలప పరీక్షా కేంద్రాలే ఎక్కువ మందికి జీతాలిస్తాయి. అది అతనికి ఇష్టమో కాదో ఇప్పుడే అడగండి. ఇష్టం లేకపోతే మెటీరియల్స్ ఇంజనీరింగ్ మీద మళ్లీ మాట్లాడుకోవచ్చు.

ఈలోగా మల్లేశ్వరంలోని కలప శాస్త్ర, సాంకేతిక సంస్థకు ముందుగా ఉత్తరం రాసి, ఒకసారి తీసుకెళ్లండి. మీ ఊళ్లోనే ఉన్న జాతీయ స్థాయి సంస్థ అది. ఇంకో పని కూడా అప్పగించండి. మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రనే మైసూరు దారిలోని చన్నపట్న బొమ్మలకూ వాడతారు. ఒక ముక్క తెచ్చి, అక్కడి లేత్ పనివారితో హికరీ కర్ర కొలతకే చేయించి, బరువెంతో, ఎన్ని రోజుల వాయింపుకు ఎక్కడ పేళ్లు లేచిందో రాయమనండి. ఆ నోట్సు నాకు పంపిస్తే, ఏ కోర్సుకు దరఖాస్తు చేయాలో అప్పుడు ఖాయంగా చెబుతాను.