పిల్లల కోడిని మందలో వదలాలా, విడిగా పెట్టాలా?

మీ పెట్ట 9 పిల్లల్ని తీసి నాలుగు రోజులైందని, మిగతా పెట్టల్లో ఒకటి రెండు ఆ పిల్లల్ని పొడుస్తున్నాయని, పుంజు ఎక్కడ చంపేస్తుందోనని టెన్షన్‌గా ఉందని రాశారు. తల్లినీ పిల్లల్నీ రెండు నెలల పాటు వేరే గదిలో పెట్టి పెంచాలా అని అడిగారు. వద్దండీ. విడిగా పెట్టండి గానీ మిగతా కోళ్లకి రోజంతా కనబడేలా పెట్టండి, అది కూడా ఓ వారం పది రోజులు చాలు. తలుపేసిన గదిలో మాత్రం పెట్టొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను చేసిన తప్పు అదే.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా పెరట్లో నాటుకోళ్లు పెంచుతున్నాం, పెద్దవి ఎప్పుడూ పదిహేను దాటలేదు. మొదలుపెట్టిన మూడో ఏడు ఒక నల్ల పెట్ట 11 గుడ్ల మీద కూర్చుని 8 పిల్లల్ని తీసింది, మిగతా మూడూ మురిగిపోయాయి. అంతకుముందు కాకులు ఒక పొదుగు మొత్తం ఎత్తుకుపోయి ఉండటంతో ఈసారి భయపడి తల్లినీ పిల్లల్నీ పాత వంటగదిలో పెట్టి ఆరు వారాలు బయటికి వదల్లేదు. నూకలు, తవుడు, నీళ్లు అన్నీ లోపలే. పిల్లలు చక్కగా పెరిగాయి. ఇంక పెద్దవయ్యాయి కదా అని ఒక రోజు పొద్దున్నే తలుపు తీశాను. అవి గడప దాటిన కాసేపటికే దొడ్డంతా గోల. పిల్లల సంగతి తర్వాత, ముందు తల్లినే పట్టుకున్నాయి. తమతో ఏడాది పాటు ఒకే గూట్లో పడుకున్న పెట్టని ఊరికి కొత్తగా వచ్చినదాన్ని పొడిచినట్టు పొడిచాయి. అది తన దెబ్బలు తాను కాచుకోవడంలోనే ఉండిపోయింది. ఇక పిల్లల్ని ఎక్కడ కాస్తుంది? ఆ సాయంత్రానికి రెండు చచ్చిపోయాయి, మూడోదానికి తల మీద చర్మం రూపాయి బిళ్లంత లేచిపోయింది. వేపనూనెలో పసుపు కలిపి రాసి పదిహేను రోజులు గంప కింద పెట్టుకుంటే అది బతికింది.

అప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే కోళ్లలో ఒక వరస ఉంటుంది. ఎవరు ఎవరిని పొడవచ్చు, గింజల దగ్గర ఎవరు ముందు, రాత్రి దూలం మీద ఎవరు ఎక్కడ అని అన్నీ తేల్చుకునే ఉంటాయి. థోర్లైఫ్ షెల్డెరప్ ఎబ్బె అనే నార్వే ఆయన చిన్నప్పటి నుంచీ కోళ్లని చూస్తూ పెరిగి, 1921లో ఈ పొడుచుకునే వరస గురించి మొదట రాశాడట. కోళ్లు పెంచే ప్రతి ఇంట్లో ఆడవాళ్లు రోజూ చూసేదే అది. ఒక కోడి కొన్ని వారాలు కళ్లకి కనబడకపోతే వరసలో దాని చోటు పోతుంది, తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచి కొట్లాడి తెచ్చుకోవాలి. పొదుగు మీద కూర్చున్న 21 రోజులూ పెట్ట రోజుకోసారి లేచి ఓ పావుగంట మేసి, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి వెళ్తుంది చూడండి, ఆ కాసేపు మిగతావాటి మధ్యకి రావడం కూడా దానికి మేలే. పిల్లలు తీశాక అదే కోడి వరసలో పైకి వెళ్తుంది. అంతకుముందు అన్నిటికీ జడిసి పారిపోయే మా బూడిద రంగు పెట్ట, పిల్లల్ని వేసుకుని బయటికొచ్చిన రోజు పక్కింటి కుక్క ముఖం మీదికి ఎగిరింది. మెడ ఈకలు గొడుగులా విచ్చుకుని, రెక్కలు నేలకి రాసుకుంటూ అది నడుస్తుంటే పెద్ద పెట్టలు పక్కకి తప్పుకున్నాయి. పిల్లలకి మందలో చోటు సంపాదించి పెట్టేది ఈ తల్లే. మనం తలుపేసి ఆ పని చెయ్యనివ్వకపోతే తర్వాత పిల్లలు ఒంటరిగా చేసుకోలేవు.

పుంజు గురించి మీ భయం అర్థమైంది గానీ, పన్నెండేళ్లలో మా పుంజు ఏదీ పిల్లని చంపగా నేను చూడలేదు. మొన్న వర్షం తగ్గాక చూశాను, మా ఎర్ర పుంజు పెంటకుప్ప దగ్గర ఒక వానపాముని లాగింది. మింగలేదు. ముక్కుతో పైకెత్తి కింద పడేసి, మళ్లీ ఎత్తి పడేసి టుక్ టుక్ టుక్ అని పిలిచింది. వారం రోజుల పిల్లలు నాలుగు తల్లి దగ్గర్నుంచి పరుగెత్తుకుంటూ దాని కాళ్ల మధ్యకి వెళ్లాయి. పుంజు ఒక కాలు ఎత్తి అలాగే పట్టుకుని, పిల్ల పక్కకి వెళ్లాక మెల్లగా దించింది. అయితే మీ పుంజు కొత్తగా కొనితెచ్చినదైనా, ఇంకా ఏడాది నిండని కుర్ర పుంజైనా మొదటి రోజు పక్కనే ఉండి చూడండి.

అసలు చూడాల్సింది పెట్టల్ని. పొడవడంలో రెండు రకాలున్నాయి. గింజల దగ్గర పిల్ల అడ్డం వస్తే నెత్తి మీద టక్కున ఒక్కటి పొడుస్తుంది, పిల్ల కీచుమని తల్లి దగ్గరికి పరుగెత్తుతుంది, పెట్ట మళ్లీ తిండి మీద పడుతుంది. దీన్ని వదిలేయండి, పిల్ల ఆ ఒక్క దెబ్బతో పెద్దవాళ్ల ముందు ఎలా ఉండాలో నేర్చుకుంటుంది. రెండో రకం వేరు. తిండి లేని చోట కూడా వెంటపడటం, ఈక పట్టుకుని లాగడం, పారిపోయిన పిల్ల కోసం వెతుక్కుంటూ మళ్లీ రావడం. ఇది కనబడితే పిల్లల్ని తీయకండి, ఆ పెట్టని తీయండి. దాన్ని మూడు నాలుగు రోజులు ఇంటికి అవతలి వైపు గంప కింద కమ్మి తిండీ నీళ్లూ ఇవ్వండి. తిరిగి వదిలేసరికి వరసలో దాని చోటు కిందికి జారి ఉంటుంది, సాటి పెట్టలతో తేల్చుకోవడంలో పడి పిల్లల జోలికి రాదు. మా ఇంట్లో రెండుసార్లు ఇది పని చేసింది. ఎక్కడైనా రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ పిల్లని వెంటనే తీసేయాలి, ఎర్రటి చుక్క కనబడితే చాలు అన్నీ అక్కడే పొడుస్తాయి, సొంత తోబుట్టువులు కూడా.

అన్నిటికంటే ప్రమాదం ఇంకో పిల్లల కోడి. ఒకే వారంలో రెండు పొదుగులు పెట్టి రెండు తల్లుల్ని ఒకే దొడ్లో వదిలాను ఒకసారి. ఒకదానివన్నీ గోధుమ రంగు పిల్లలు, రెండోదానివి నల్లవి. తల్లికి తన పిల్లల రంగూ గొంతూ రెండు మూడు రోజుల్లో తెలిసిపోతాయి. దారి తప్పి వచ్చిన ఒక నల్ల పిల్లని గోధుమ రంగు పిల్లల తల్లి నాలుగు పోట్లతో చంపేసింది, నేను కర్ర పట్టుకుని వెళ్లేలోపే. మీకు ఇంకో పెట్ట పొదుగులో ఉంటే ముందే రెండు తావులు చూసుకోండి. బయట పిల్లల్ని కొని ఈ తల్లి కింద పెడదామనుకుంటే అవి ఒకటి రెండు రోజుల పిల్లలై ఉండాలి, దాని పిల్లలూ అదే వయసువై ఉండాలి, చీకటి పడ్డాక పెట్టాలి. మీ పిల్లలకి ఇప్పటికే నాలుగు రోజులు కాబట్టి ఇంక ఆ ఆలోచన మానేయండి.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. దొడ్లో నీడ ఉన్న మూల వెదురు తడక అడ్డం పెట్టి తల్లినీ పిల్లల్నీ లోపల ఉంచండి, పైన పాత వల కప్పండి, గద్దా కాకీ రాకుండా. రాత్రికి మాత్రం గట్టి గూట్లోకి మార్చాలి, పందికొక్కు, పిల్లి రాత్రి వేళే ఎక్కువగా తిరుగుతాయి. గంప కింద కమ్మితే గంప పెద్దదై ఉండాలి. తల్లి తొక్కితే పిల్ల చావదని పెద్దవాళ్లు అంటారు గానీ, ఇరుకు గంపలో తల్లి బెదిరి గిరగిరా తిరిగితే పిల్లలు నలిగి చస్తాయి, నాకు ఒకటి అలా పోయింది. ఓ వారం దాటాక సాయంత్రం కోళ్లు గూటికి చేరే ముందు ఒక గంట తడక తీసి వదలండి. ఆ వేళ అందరికీ కడుపు నిండి ఉంటుంది, గొడవలు తక్కువ. ఆ తర్వాత తడకని ఇటుకల మీద ఎత్తి, కింద పిల్ల మాత్రమే దూరేంత సందు ఉంచండి. పిల్లల తిండి ఎప్పుడూ తడక లోపలే పెట్టాలి. గుడ్లు పెట్టే కోళ్ల మేత పిల్లలకి అందనివ్వకండి, అందులో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు పాడవుతాయి. నీళ్లు లోతు లేని మూకుడులో పోసి నాలుగు గులకరాళ్లు వేయండి, లేకపోతే పడి మునిగిపోతాయి. చెదపురుగులు దొరికితే అంతకంటే మంచి తిండి లేదు. అత్తయ్య పాత కుండలో గడ్డీ తడిపిన పేడా పెట్టి పుట్ట దగ్గర బోర్లించేది, రెండు రోజులకి నిండుగా ఉండేవి.

5 నుంచి 7 రోజుల మధ్యలో కొక్కెర తెగులు రాకుండా లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయించడం మర్చిపోకండి, అంటే మీకు రేపో ఎల్లుండో. పశువుల ఆసుపత్రిలో అడగండి. సీసా తెరిస్తే రెండు గంటల్లో అయిపోవాలి, ఐస్‌లో ఉంచాలి కాబట్టి చుట్టుపక్కల పిల్లల కోళ్లున్నవాళ్లందరినీ కలుపుకుని ఒకే రోజు వేయించుకోండి. పిల్లలు మూడో వారం దాటాక రెట్టలో రక్తం కనబడితే కింద నేల తడిగా ఉందేమో చూసి ఆ రోజే డాక్టరుకి చూపించండి.

వీలైతే రోజూ ఓ పావుగంట ఊరికే కూర్చుని వినండి. తల్లి మేపుతూ కుర్ కుర్ అంటుంటే అంతా బాగున్నట్టు. ఆకాశంలో గద్ద కనబడితే ఒక్కటే సన్నటి సాగతీసిన కూత వేస్తుంది, ఆ కూతకి పిల్లలన్నీ ఉన్నచోటే నక్కి కదలవు. పిల్లి గానీ కుక్క గానీ నేల మీద వస్తే కెక్ కెక్ కెక్ అని తెగకుండా అరుస్తుంది. ఆ రెండు కూతలూ తెలిస్తే వంటింట్లో ఉండగానే బయటికి వెళ్లి పైకి చూడాలో, గోడ వైపు చూడాలో తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్యలో ఒక రోజు తల్లే పిల్లల్ని పొడిచి తరమడం మొదలుపెడుతుంది. నిన్నటి దాకా రెక్కల కింద దాచుకున్నది ఇలా చేస్తోందేంటని కంగారుపడకండి, అది మళ్లీ గుడ్లకి రాబోతోంది. కానీ ఆ వారమే పిల్లలకి మందలో కాపు ఉండదు, రెండోసారి గట్టిగా కాయాల్సింది అప్పుడే. తడక కింద సందు అప్పటిదాకా అలాగే ఉంచండి, పిల్లలు పెరిగిన కొద్దీ ఇంకో ఇటుక ఎత్తండి. తల్లి విడిచాక మా పిల్లలన్నీ ఓ పది రోజులు ఆ సందులోంచి లోపలికి దూరి ఒకదానికొకటి ఆనుకుని పడుకునేవి, తర్వాత ఒక్కొక్కటే దూలం ఎక్కేవి.