టెస్టు లింకు ‘అదర్స్’లో పడిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నేను నరసరావుపేట దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ నాలుగో ఏడాది చదువుతున్నాను. నా మెయిల్ బాక్సులో చదవని మెయిల్సే ఐదు వేల పైన ఉన్నాయి. సీనియర్ ఒకరు చెబితే పోయిన నెల ఓ కొత్త మెయిల్ యాప్ వేసుకున్నాను. వచ్చిన మెయిల్స్‌ని ముఖ్యమైనవి, బిల్లులు, న్యూస్‌లెటర్లు, అదర్స్ అని ఏఐతో అదే వేరు చేసి పెడుతుంది. మొదట్లో హాయిగా ఉంది. కానీ ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు లింకు అదర్స్‌లో పడింది. నోటిఫికేషన్ రాలేదు. చూసేసరికి గడువు దాటి ఒక రోజైంది. మా క్లాసులో అందరూ రాశారు. నాన్నకి ఇంకా చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఒక అవకాశం అడగొచ్చా సర్? ఆ యాప్ తీసేయాలా? ఇలాంటి ఏఐ టూల్స్ వాడటం వచ్చని రెజ్యూమెలో రాస్తే లాభం ఉంటుందా?
(ఓ విద్యార్థిని)

జవాబు: యాప్ సంగతి తర్వాత మాట్లాడుకుందామమ్మా. ముందు మీ కాలేజీ టీపీవో (ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్) గారిని కలవండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఇవాళే నేరుగా గదికి వెళ్లండి. అది క్యాంపస్ డ్రైవ్ అయితే కంపెనీతో మాట్లాడాల్సింది వాళ్లే. వాళ్లని దాటి విద్యార్థి సొంతంగా హెచ్‌ఆర్‌కి రాస్తే చాలా కాలేజీల్లో ఊరుకోరు. మీరే విడిగా అప్లై చేసిన కంపెనీ అయితే, ఆ మెయిల్ అడుగున సహాయం కోసం ఇచ్చిన చిరునామాకి రాయండి. ‘నో రిప్లై’ అని ఉన్న చిరునామాకి జవాబు కొడితే అది ఎవరి కంటా పడదు.

ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు చాలు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ టెస్టు, మెయిల్ ఎప్పుడు వచ్చింది, మీరు ఎప్పుడు చూశారు, వేరే స్లాట్ ఏదైనా ఉంటే రాయడానికి సిద్ధంగా ఉన్నానన్న మాట. మెయిల్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్లడం వల్ల చూడలేదని ఉన్నదున్నట్టు రాయండి. జ్వరం వచ్చిందనీ, ఊళ్లో కరెంటు పోయిందనీ కథలు అల్లొద్దు. గడువు దాటాక వచ్చే ఉత్తరాల్లో జ్వరాలు మరీ ఎక్కువ, చదివేవాళ్లకి అలవాటైపోయింది. వేరే కాలేజీలకి టెస్టు ఇంకా నడుస్తుంటే ఒక్కోసారి రెండో స్లాట్‌లో కూర్చోబెడతారు. షార్ట్‌లిస్ట్ తీశాక మాత్రం ఎవరూ వినరు. ఇవాళే వెళ్లమనడం అందుకే. ఇవ్వకపోతే ఒక కంపెనీ పోయిందనుకుని ముందుకెళ్లాలి.

ఇక యాప్. ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా తీసేయండి. అది చెడ్డ యాప్ అని కాదు. ఇలాంటివి ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఎందుకు తీసేయమంటున్నానో మీకే అర్థమవుతుంది.

మీకు ఎవరు తరచుగా రాస్తారు, మీరు ఎవరి మెయిల్ వెంటనే తెరుస్తారు, ఎవరికి జవాబిస్తారు, ఎవరివి తెరవకుండా తీసేస్తారు, ఇవన్నీ చూసి యాప్ ఒక అంచనాకి వస్తుంది. దానికి తోడు మెయిల్ రూపం చూస్తుంది. ఒకేసారి వేలమందికి వెళ్లిందా, అడుగున అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉందా, నిండా బొమ్మలూ బటన్లూ ఉన్నాయా అని. ఇప్పుడు మీకొచ్చిన టెస్టు లింకు సంగతి చూడండి. అలాంటివి చాలాసార్లు కంపెనీ చిరునామా నుంచి రావు. హ్యాకర్‌ర్యాంక్, మెర్సర్ మెటిల్, ఎస్‌హెచ్‌ఎల్ లాంటి పరీక్షల సంస్థల నుంచి వస్తాయి. ఆ చిరునామా నుంచి మీకు అంతకుముందు ఒక్క మెయిల్ కూడా వచ్చి ఉండదు. ఒకేసారి వేలమందికి వెళ్తుంది. మధ్యలో పెద్ద రంగు బటన్ ఉంటుంది. యాప్ కళ్లతో చూస్తే దానికీ, చీరల దుకాణం ఆషాఢం ఆఫర్ మెయిల్‌కీ తేడా లేదు.

వెనకటికి ఊళ్లో పోస్ట్‌మ్యాన్ ఇంటర్వ్యూ కార్డు వస్తే వీధి మొదట్లోంచే కేకేసేవాడు. ఈ ఇంట్లో పిల్లాడు ఉద్యోగానికి రాశాడని ఆయనకి తెలుసు. యాప్‌కి తెలిసింది మీ పాత అలవాట్లు మాత్రమే. ఉద్యోగం మాత్రం ఎప్పుడూ ముక్కూ మొహం తెలియని చిరునామా నుంచే వస్తుంది. పదేళ్లుగా ఒకే ఆఫీసులో పనిచేస్తూ, రోజూ అదే పాతికమందితో మెయిల్స్ నడిపేవాళ్లకి ఈ యాప్‌లు బంగారం. మీలాగ కొత్త తలుపులు తట్టే వయసులో ఉన్నవాళ్లకి కాదు.

ఇదేదో కొత్త యాప్‌ల రోగం అనుకోకండి. జీమెయిల్‌లో ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్ ట్యాబ్‌లు 2013 నుంచీ ఉన్నాయి. ఔట్‌లుక్‌లో ‘ఫోకస్డ్’, ‘అదర్’ అని రెండు అరలుంటాయి. ఐఫోన్ మెయిల్ యాప్‌లోకి కూడా 2024 డిసెంబరులో ఇలాంటి విభజన వచ్చేసింది. పైగా జీమెయిల్‌లో ట్యాబ్‌లు ఆన్‌లో ఉంటే, మనం మార్చకపోతే, ఫోన్ మోగేది ప్రైమరీలో పడినవాటికే. నిజం చెప్పొద్దూ, ఓ కాలేజీవాళ్లు మాట్లాడటానికి రమ్మని పంపిన ఆహ్వానం నాకూ ఇలాగే ఎక్కడో మూల దొరికింది. చూసేసరికి ఆ సభ అయిపోయి వారమైంది. పిల్లలకి ఫోన్ చూసుకోండని చెప్పేవాణ్ని నేనే.

యాప్ తీసేయమనడానికి ఇంకో కారణం ఉంది. ఆ కొత్త యాప్ పెట్టుకున్నప్పుడు మీ గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి ‘అలౌ’ నొక్కి ఉంటారు. మీ మెయిల్స్ చదవడానికీ, పంపడానికీ, తీసేయడానికీ దానికి ఆ ఒక్క నొక్కుతో అనుమతి ఇచ్చినట్టే. అనవసరపు మెయిల్స్ ఆపిపెడతానంటూ పేరు తెచ్చుకున్న అన్‌రోల్.మీ అనే ఉచిత సేవ, జనం మెయిల్ బాక్సుల్లోని రసీదుల సమాచారాన్ని పేర్లు తీసేసి అమ్ముకుంటోందని 2017లో బయటపడింది. అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ దానిమీద చర్య కూడా తీసుకుంది. మీ యాప్ అలాంటిదని నేననడం లేదు. మీ మార్కుల మెమోలు, ఆధార్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ ఆ బాక్సులోనే ఉంటాయి కదా, అందుకని చెబుతున్నా. ఫోన్‌లోంచి యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అనుమతి పోదు. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ భాగంలోకి వెళ్లి, థర్డ్ పార్టీ యాప్‌ల జాబితాలో దాని పేరు వెతికి, అక్కడ తొలగించాలి.

పైగా ఈ తరహా యాప్‌లకి ఆయుష్షు తక్కువ. ‘మెయిల్‌బాక్స్’ అనే యాప్ కోసం జనం క్యూ కట్టారు, డ్రాప్‌బాక్స్ 2013లో దాన్ని కొని 2016లో మూసేసింది. గూగుల్ తనే 2014లో తెచ్చిన ‘ఇన్‌బాక్స్’ని 2019 ఏప్రిల్‌లో ఆపేసింది. దాన్ని ఇష్టంగా వాడి బాధపడినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు చేయాల్సిన పని. ఉద్యోగాల కోసమే ఒక కొత్త మెయిల్ ఐడీ పెట్టుకోండి. మీ పేరు, ఇంటిపేరు ఉంటే చాలు, ముద్దుపేర్లు వద్దు. షాపింగ్‌కి, సినిమా టికెట్లకి, ఆన్‌లైన్ కోర్సులకి దాన్ని ఇవ్వొద్దు. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీని మాత్రమే నమ్ముకోవద్దు, చదువు అయ్యాక చాలా కాలేజీలు దాన్ని ఆపేస్తాయి. మరో మాట. మన దగ్గర ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ ఫారాలు నెట్ సెంటర్‌లో నింపిస్తాం కదా. అక్కడి అన్న పని తొందరగా అయిపోవాలని తన మెయిల్ ఐడీయే కొట్టేస్తుంటాడు. ఆ తర్వాత మీరు ఎక్కడైనా రిజిస్టర్ అయినప్పుడు ఆ పాత ఐడీ అలాగే కొనసాగుతోందేమో ఒకసారి చూసుకోండి. ఆఫర్ లెటర్ నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడ ఎవరూ ఆ పోస్ట్‌మ్యాన్‌లా కేకేయరు.

ఒకటి గుర్తుంచుకోండి. ఇప్పటికే నమోదైన డ్రైవ్‌లకి పాత ఐడీకే మెయిల్స్ వస్తాయి. అందుకని రెంటినీ చూడాలి. రెండు అకౌంట్లలోనూ ట్యాబ్‌లు తీసేయండి. కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి ఇన్‌బాక్స్ అన్నచోట ప్రమోషన్స్, సోషల్, అప్‌డేట్స్ ముందున్న టిక్కులు తీసేస్తే మెయిల్స్ అన్నీ వచ్చిన వరుసలో ఒకే చోట కనిపిస్తాయి. తర్వాత టీపీవో చిరునామాకి, పరీక్షల సంస్థలకి ఒక్కో ఫిల్టర్ పెట్టండి. ‘ఎప్పుడూ స్పామ్‌కి పంపొద్దు’, ‘స్టార్ పెట్టు’ అనే రెండూ ఎంచుకుంటే సరిపోతుంది. ఫిల్టర్ ఫోన్ యాప్‌లో కుదరదు, బ్రౌజర్‌లోనే చేయాలి. ఆ పని కాలేజీ ల్యాబ్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది.

రోజూ పొద్దున టిఫిన్ అయ్యాక ఒకసారి, సాయంత్రం ఒకసారి స్పామ్ ఫోల్డర్ తెరవండి. జీమెయిల్‌లో స్పామ్ 30 రోజులకి దానంతటదే చెరిగిపోతుంది. మామూలుగా వెతికితే స్పామ్‌లోవి, ట్రాష్‌లోవి రావు కూడా. కంప్యూటర్‌లో సెర్చ్ పెట్టె పక్కనున్న గీతల గుర్తు నొక్కి ‘మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్’ ఎంచుకుంటే అన్నీ బయటికొస్తాయి. ఇవాళే మీరు అప్లై చేసిన ప్రతి కంపెనీ పేరూ అలా కొట్టి చూడండి, ఇంకేమైనా తప్పిపోయాయేమో.

స్పామ్ చూడటం మొదలుపెడితే దొంగ ఆఫర్లు కూడా తగులుతాయి. ‘మీరు ఎంపికయ్యారు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టండి, ల్యాప్‌టాప్ పంపుతాం’ అని రాస్తారు. చివర్లో పెద్ద కంపెనీ పేరే ఉంటుంది, పంపిన చిరునామా మాత్రం మామూలు జీమెయిల్. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు, తీసిపారేయండి. పొరపాటున కట్టేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఆ ఐదు వేల మెయిల్స్‌కి ఏఐ అక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. పంపినవాళ్ల పేరుతో వెతికి, మొత్తం ఎంచుకుని తీసేయండి. మీకు తెలిసిన సంస్థలైతే అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టండి. తెలియనివాళ్లవైతే ఆ లింకు జోలికి వెళ్లకుండా స్పామ్ అని గుర్తు పెట్టండి.

రెజ్యూమె గురించి అడిగారు. ‘ఏఐ ఈమెయిల్ టూల్స్ వాడటం తెలుసు’ అని రాస్తే లాభం లేదు. కుక్కర్ వాడటం వచ్చు అన్నట్టుంటుంది. కానీ మీరు సీఎస్‌ఈ. మీ నెత్తిన పడిన ఈ దెబ్బలోంచే ఒక మంచి ప్రాజెక్టు తీయొచ్చు.

అమెరికాలోని యూసీఐ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, ఇర్విన్) వాళ్ల దగ్గర ‘ఎస్సెమ్మెస్ స్పామ్ కలెక్షన్’ అని మెసేజ్‌ల డేటాసెట్ ఒకటి ఉచితంగా దొరుకుతుంది. అందులో 5,574 మెసేజ్‌లు, వాటిలో 747 స్పామ్. మెసేజ్‌లోని పదాలని బట్టి అది స్పామ్ అయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టే నెయివ్ బేయిస్ పద్ధతిలో దానిమీద వర్గీకరణ ప్రోగ్రామ్ రాయడం మీ సిలబస్‌లో చదివినంతలోదే, వారం పట్టదు. చాలామంది అక్కడితో ఆపేసి ‘నా మోడల్ యాక్యురసీ 97 శాతం’ అని రెజ్యూమెలో కొట్టుకుంటారు. ఇంటర్వ్యూ చేసేవాడు ఒక్క ప్రశ్న వేస్తాడు: ఏమీ చూడకుండా అన్నిటినీ ‘మంచి మెసేజ్’ అనేసే ప్రోగ్రామ్ రాస్తే యాక్యురసీ ఎంతొస్తుంది? లెక్క వేసుకోండి, 86 శాతం దాటుతుంది. అక్కడ చాలామంది నోరు మూతపడిపోతుంది.

మీకు మూతపడక్కర్లేదు. ఒక పనికిమాలిన ఆఫర్ ఇన్‌బాక్స్‌లోకి వస్తే పోయేది రెండు సెకన్లు, ఒక టెస్టు లింకు అదర్స్‌లోకి పోతే పోయేది ఉద్యోగావకాశం. ఈ రెండు తప్పులనీ ఒకే లెక్కలో కట్టకూడదని పుస్తకం చదివి చెప్పేవాడికంటే మీకు బాగా తెలుసు. ప్రెసిషన్ (స్పామ్ అని పక్కన పెట్టినవాటిలో నిజంగా స్పామ్ ఎంత), రీకాల్ (ఉన్న స్పామ్ మొత్తంలో పట్టుకున్నది ఎంత) అని క్లాసులో చెప్పింది దీని గురించే. అందుకని మీ ప్రాజెక్టులో ఇంకో అర పెట్టండి: ప్రోగ్రామ్‌కి ఎటూ తేలనివి, కొత్త చిరునామా నుంచి వచ్చినవి నేరుగా మనిషికే చూపించాలి. ఓపికుంటే మన పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు మెసేజ్‌లు కూడా కలపండి. ఆ కలెక్షన్ అంతా ఇంగ్లిష్‌దే కాబట్టి మన మెసేజ్‌ల దగ్గర అది తడబడుతుంది, ఎందుకు తడబడుతుందో రాస్తే అదే మీ ప్రత్యేకత. మీ స్నేహితుల అసలు మెసేజ్‌లు మాత్రం అడక్కుండా గిట్‌హబ్‌లో పెట్టకండి.

నాన్నగారికి ఇవాళ రాత్రే చెప్పండి, టీపీవో గారిని కలిసొచ్చాక. ‘మెయిల్ చూసుకోలేదు, ఇలా ఇలా చేశాను, కొత్త ఐడీ పెట్టుకున్నాను’ అని చెప్పి, ఆ కొత్త ఐడీకి రికవరీ నంబరుగా ఆయన ఫోన్ నంబరే ఇవ్వండి. మీ సిమ్ పోయినా, ఫోన్ పగిలినా అకౌంట్ చేజారకుండా ఉంటుంది. ఓటీపీ వస్తే ఎవరికీ చెప్పొద్దని, మీరు అడిగితే తప్ప, ఆయనకి ముందే చెప్పి పెట్టండి.