విత్తనాల మూట

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 2024 వైఆర్4 గ్రహశకలం గురించి కష్టపడి చదివి రాశావని తెలుస్తోంది. "2032లో మానవాళి అంతమా?" అన్న శీర్షిక మాత్రం నన్ను 1979లో మా ఊరికి తీసుకెళ్లింది.

ఆ ఏడు జులైలో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోతోందని కబురు. దాదాపు 77 టన్నుల బరువు. రేడియోలో చెప్పింది ఒకటి, మా రచ్చబండ దగ్గరికి చేరింది ఇంకొకటి: లోకం మునిగిపోతుందట. ఊళ్లో కోళ్లు, మేకలు తెగాయి. మా పెదనాన్న విత్తనానికి దాచిన వేరుశనగ మూట విప్పించాడు. "పోయేవాళ్లకి పంటెందుకు" అని కాయలు వేయించి పిల్లలందరికీ పెట్టాడు. 11వ తేదీన అది ముక్కలై హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తర్వాతి వారం మాకు వాన పడింది. పెదనాన్న అప్పు చేసి విత్తనాలు తెచ్చాడు, అది తీరడానికి రెండేళ్లు పట్టింది. ఆ ముక్కలు భూమ్మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒక వంతేనని నాసా ముందే చెప్పింది. ఆ మాట మా ఊరిదాకా మోసుకొచ్చినవాళ్లు లేరు. మోసుకొచ్చే పనే మనది, అమ్మా.

ఇప్పుడు నీ వ్యాసం. ఆ గ్రహశకలం 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొట్టే అవకాశం 2025 ఫిబ్రవరి 18కి 3.1 శాతానికి చేరి, వారం తిరిగేసరికి దాదాపు సున్నాకి పడిపోయింది. దాన్ని "శాస్త్రవేత్తలు మాట మార్చారు" అని రాశావు. నాకు బాగా బాధనిపించింది ఇక్కడే. గేదె తప్పిపోయింది, పది చేలల్లో ఏదో ఒకదానిలో ఉందనుకో. ఆరు చేలు వెతికాం, లేదు. మిగిలిన నాలుగింటిలో మన చేను ఒకటి. అది మన చేలో ఉండే అవకాశం పదిలో ఒకటి నుంచి నాలుగులో ఒకటికి పెరిగింది. గేదె మాత్రం ఉన్నచోటే ఉంది. కాసేపటికి పక్క చేలో దొరికింది, మన లెక్క ఒక్కసారిగా సున్నా అయింది. వెతికినవాళ్లు అబద్ధం ఆడారా? ఆ రాయి దారి వెతికినవాళ్ల లెక్కా ఇలాగే మారింది. ఈ సంగతి పాఠకుడికి పట్టుబడితే, రేపు నిజంగా మనవైపు వచ్చే రాయి గురించి విన్నప్పుడు "పోయినసారీ ఇలాగే అన్నారు" అని పేజీ తిప్పేయడు. దీనికి నాలుగు పేరాలైనా ఇవ్వు, ఫర్వాలేదు.

దాని సైజు సుమారు 60 మీటర్లు. నగరం మీద పడితే నగరం పోతుంది. ఘోరమే, కానీ మానవాళి పోదు. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన రాయి పది కిలోమీటర్లకు తక్కువ ఉండదు. రెండింటికీ 'అంతం' అనే మాటే వాడేస్తే, నిజంగా అందరినీ ముంచేదాని గురించి రాయాల్సినప్పుడు మన దగ్గర మాటలు మిగలవు.

అలాంటివి ఉన్నాయి. ప్రపంచంలో సుమారు 12 వేల అణు వార్‌హెడ్లు ఉన్నాయి. నగరాలు తగలబడి లేచిన పొగ ఎండను అడ్డుకుంటే పంటలు పోతాయని, యుద్ధంతో సంబంధం లేని దేశాలు కూడా ఆకలితో మాడిపోతాయని 1983 నుంచి శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. పాఠకుడికి టెన్షన్ అని మెత్తబరచకు, ఉన్నదున్నట్టు రాయి. శాతాలు మాత్రం వేయకు. రాయి దారికి లెక్క కట్టగలం, పాలకుల కోపానికి కట్టలేం.

ఇంకో లోటు. ఏం చేస్తున్నారన్నది నీ వ్యాసంలో ఎక్కడా లేదు. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ అనే అంతరిక్ష నౌకతో డైమార్ఫోస్ అనే చిన్న గ్రహశకలాన్ని, దారి మార్చగలమేమో చూద్దామని, కావాలనే గుద్దించింది. అది తన పెద్ద తోడు చుట్టూ తిరిగే సమయం అరగంటకు పైగా తగ్గింది. ఎండలోని చెడ్డ కిరణాలను ఆపే ఓజోన్ పొర సంగతి గుర్తుందా? 1985లో అంటార్కిటికా మీద చిల్లు సంగతి బయటపడింది. అప్పట్లో ఫ్రిజ్‌లో, స్ప్రే డబ్బాలో వాడిన వాయువులే కారణమని జనానికి తెలిసింది. 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. ఇప్పుడు ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. ఇలాంటిది వ్యాసం చివర ఓదార్పుగా పెట్టకు, రెండో పేరాలోనే రావాలి.

తిరగరాశాక మీ అమ్మమ్మకి చదివి వినిపించు. "అయితే దానికి ఏం చేస్తున్నారే?" అని అడిగితే పత్రికకి పంపించు. "ఇంకేముందిలే" అని పక్కకి తిరిగి పడుకుంటే, మళ్లీ మొదటి పేరా నుంచి మొదలుపెట్టు.