‘కరిగింది’ అని రాయకు

తమ్ముడూ,

అంగారకుడి మీద నీటి గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ ‘మంచు కరిగి’ అన్న మాట ఐదుచోట్ల వాడావు. అక్కడ మంచు మామూలుగా కరగదు. నీరు ద్రవంగా నిలవాలంటే గాలి ఒత్తిడి కనీసం 6.1 మిల్లీబార్లు ఉండాలి. అంగారకుడి మీద సగటు 6 దగ్గరే, మన సముద్రమట్టం దగ్గర 1013. పైగా సగటున మైనస్ 60 డిగ్రీల చలి. అందుకే పైకి తేలిన మంచు, మూత పెట్టని డబ్బాలో కర్పూరంలా తడి కూడా మిగల్చకుండా పోతుంది. హరించుకుపోయింది అనే చక్కటి మాట మనకుంది, అది వాడు.

ఇంకొకటి. మనకు పొగమంచూ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. అక్కడ చలికాలంలో ధ్రువాల మీద కార్బన్ డయాక్సైడ్ కూడా గడ్డకడుతుంది. కాబట్టి ‘నీటి మంచు’ అని విడమరిచి రాయి.

నాసా పంపిన ఫీనిక్స్ నౌకను ఒక్క వాక్యంలో దాటేశావు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. 2008 మే 25న అది 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర దిగింది. యంత్రపు చెయ్యి కొన్ని సెంటీమీటర్లు గీకేసరికి తెల్లటి పొర తగిలింది. గుంట మూలలో పాచికలంత ముక్కలు పడి ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత తీసిన ఫోటోలో అవి లేవు. ఉప్పయితే ఎక్కడికీ పోదు. కార్బన్ డయాక్సైడ్ మంచయితే ఆ ఉష్ణోగ్రతకు ఒక్కరోజు కూడా ఆగదు. మిగిలింది నీటి మంచే.

తర్వాత పడ్డ తిప్పలు కూడా రాయి. మంచు కలిసిన మట్టి గరిటెకే అతుక్కుపోయి, మట్టిని వేడిచేసి పరీక్షించే ఓవెన్‌లో పడలేదు. చివరికి రెండు రోజులు గాలికి వదిలిన మట్టి, కొంత నీరు ఆవిరైపోయాక, పొడిబారి లోపల పడింది. వేడి చేస్తే నీటి ఆవిరి వచ్చింది.

‘కనుగొన్నారు’ అనే క్రియను కూడా చూసి వాడాలి. 2002లో అంగారకుడి చుట్టూ తిరిగే ఆడిసీ నౌక పసిగట్టింది హైడ్రోజన్‌ను. దాన్నిబట్టి నేల కింద మంచు ఉందని లెక్కకట్టారు. ఫీనిక్స్ దాన్ని తాకింది. 2018లో దక్షిణ ధ్రువం కింద, 1.5 కిలోమీటర్ల లోతున సరస్సు ఉందన్న వాదనకు ఆధారం బలంగా వెనక్కి వచ్చిన రాడార్ తరంగం. బంకమట్టి కూడా అలా తిప్పికొట్టగలదని తర్వాత కొందరు వాదించారు. ఈ మూడింటికీ ఒకే క్రియ వాడితే పాఠకుణ్ణి మోసం చేసినట్టే.

శీర్షికలోంచి ‘సరస్సు’ తీసెయ్యి. ఆ గుంటతో మొదలుపెట్టి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య