కుక్కర్ కేకు మధ్యలో కుంగిపోతుంటే

కుక్కర్లో పెట్టిన కేకు పొంగినట్టే పొంగి మధ్యలో గుంట పడుతోందన్నారు కదండీ, తిరకాసంతా మీరు రాసిన కొలతలోనే ఉంది. కప్పు మైదాకి చెంచా వంటసోడా చాలా ఎక్కువ. పావు చెంచా సోడా, ఒక చెంచా బేకింగ్ పౌడర్ చాలు. సోడా ఎక్కువైతే కేకు గట్టిపడేలోపే గాలి బుడగలు పగిలిపోతాయి, పైగా సబ్బు రుచి ఒకటి. పెరుగు కలిపాక పిండిని నిలవుంచకుండా వెంటనే పెట్టేయండి. అరగంట దాకా మూత తీయొద్దు. పది నిమిషాలకోసారి తొంగిచూసి నేనూ రెండు కేకులు పాడుచేశాను! గాస్కెట్, విజిల్ తీసేస్తున్నారుగా? అడుగున ఉప్పు పరిచి, స్టాండు మీద గిన్నె పెట్టి, సన్న సెగన 40-45 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.